సెన్సార్‌కు దుమ్ము పట్టిందంటే వారంటీ పోయినట్లేనా?

తాడిపత్రి నుంచి మీరు అడిగిన విషయం క్లుప్తంగా ఇది. కారు కొని పద్నాలుగు నెలలైంది, 19,000 కిలోమీటర్లు తిరిగింది, కంపెనీ వారంటీ మూడేళ్ళు. రివర్స్ గేర్ వేస్తే వెనుక ఏమీ లేకపోయినా బీప్ ఆగకుండా మోగుతున్నది. హైవే మీద పోతుండగా ముందు రాడార్ మూసుకుపోయిందని, ఆటోమేటిక్ బ్రేకింగ్ తాత్కాలికంగా పనిచేయదని తెర మీద హెచ్చరిక వస్తున్నది. గత నెలలో ఒకసారి ఇంజిన్ లైటు కూడా వెలిగింది. అనంతపురంలోని సర్వీస్ సెంటర్ వారు సెన్సార్లు తుడిచి దానికి బిల్లు వేశారు; రెండు వారాలకే అదే సమస్యతో మళ్ళీ వెళ్తే, దుమ్ము వల్ల వచ్చిన దానికి వారంటీ వర్తించదని, వెనుక సెన్సార్ కొత్తది కావాలంటే డబ్బు కట్టాలని నోటిమాటగా చెప్పి పంపారు. ఆ మాట సరైనదేనా అని మీ ప్రశ్న.

నేను కడపలో ఇరవై రెండేళ్ళుగా కార్ల ఎలక్ట్రికల్ పని చేస్తున్నాను. అందులో మొదటి తొమ్మిదేళ్ళు ఒక కంపెనీ సర్వీస్ సెంటర్‌లో గడిచాయి. అక్కడ చివరి నాలుగేళ్ళు వారంటీ క్లెయిములు తయారుచేసే బల్ల దగ్గరే కూర్చున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: వారు చెప్పినదాంట్లో సగమే నిజం. సెన్సార్ బయటి ముఖం మీద పట్టిన మురికిని తుడుచుకోవడం యజమాని పని, దానికి ఏ కంపెనీ వారంటీ ఇవ్వదు. తుడిచి, ఆరిన తర్వాత కూడా తప్పుగా పలికే సెన్సార్ మాత్రం లోపమున్న సెన్సార్. ఆ లోపాన్ని దుమ్ము ఖాతాలో వేయడానికి వీల్లేదు. అలాగే, సీలు వేసి బిగించిన కనెక్టర్ లోపలికి తేమ చేరిందంటే అది బయటి దుమ్ము విషయం కాదు, ఆ సీలు విషయం. ఈ మూడింటిలో మీ కారుది ఏదో కాగితం మీద తేలాలి. ఇంతవరకు మీ దగ్గర ఉన్నది నోటిమాట మాత్రమే.

ముందుగా మన దుమ్ము సంగతి చెప్పాలి, ఎందుకంటే అది ఊరూరికీ మారుతుంది. తాడిపత్రి, బేతంచెర్ల చుట్టుపక్కల బండల పాలిష్ ఫ్యాక్టరీల నుంచి, రాయి కోసేటప్పుడు వచ్చే తెల్లటి బురదనీళ్ళు రోడ్డు మీదికి చేరి, ఎండి, లారీల చక్రాల కింద పొడిగా లేస్తాయి. ఎర్రగుంట్ల దారిలో సున్నపురాతి పొడికి సిమెంటు పొడి తోడవుతుంది; పొడిగా ఉన్నంతవరకు అది గుడ్డకు వచ్చేస్తుంది గానీ, తుంపరకు తడిసి ఆరిందంటే పెంకు కడుతుంది. కర్నూలు, ఆదోని పక్క నల్లరేగడి వానాకాలంలో చక్రాల చుట్టూ ముద్దలుగా అతుక్కుంటుంది. వీటన్నిటికంటే మోసం చేసేవి బోరునీళ్ళు. అనంతపురం, కడప జిల్లాల్లో చాలాచోట్ల బోరునీళ్ళలో లవణాలు ఎక్కువగా ఉంటాయి. ఆ నీళ్ళతో కారు కడిగి ఎండలో వదిలేస్తే నీరు ఆవిరై, బిందె అడుగున పేరుకునే తెల్లటి పొరలాంటిదే సెన్సార్ల మీద మిగులుతుంది. దూరం నుంచి బండి మెరుస్తూ ఉంటుంది. నెలకు రెండుసార్లు వాటర్ సర్వీసింగ్ చేయిస్తున్నామని యజమాని ధీమాగా ఉంటాడు. పొర మీద పొర మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

ఇక మీ అసలు ఇబ్బంది, రివర్స్ బీప్. మన దేశంలో 2019 జూలై 1 తర్వాత తయారైన ప్రతి కారుకు వెనుక పార్కింగ్ సెన్సార్లు తప్పనిసరి అయ్యాయి కాబట్టి ఇప్పుడు ఎక్కువమంది నా దగ్గరికి తెచ్చే ఫిర్యాదు ఇదే. బంపర్‌లో నాణెంలా కనిపించే ఆ గుండ్రటి ముఖం వెనుక ఒక పీజో బిళ్ళ (కరెంటు ఇస్తే అదిరేది) అతికించి ఉంటుంది. అది ముఖాన్ని అదిరించి, మన చెవికి అందని, సుమారు 40 నుంచి 50 కిలోహెర్ట్జ్ మధ్య ఉండే ధ్వనిని బయటికి పంపుతుంది. తిరిగి వచ్చిన ప్రతిధ్వనిని అదే ముఖంతో వింటుంది. మీటరు దూరంలో గోడ ఉంటే ధ్వని పోయి రావడానికి దాదాపు 6 మిల్లీసెకన్లు పడుతుంది, ఆ సమయాన్ని బట్టి కంట్రోల్ యూనిట్ దూరాన్ని లెక్కగడుతుంది. అయితే గుడిలో గంట కొట్టాక మోత కొంతసేపు నిలిచినట్లే, ధ్వని పంపిన తర్వాత ఆ ముఖం కూడా కొద్దిసేపు అదురుతూనే ఉంటుంది. ఆ అదురు అణిగేదాకా ఏమి వినిపించినా యూనిట్ పట్టించుకోకుండా దాటవేస్తుంది. ముఖం మీద సిమెంటు పెంకు గట్టిపడినా, సెన్సార్‌కూ బంపర్‌కూ మధ్య ఉండే రబ్బరు రింగు సందులో మట్టి బిగుసుకున్నా అదురు తీరు మారి, అణగవలసిన సమయానికి అణగదు. ఆ మిగిలిన అదురునే యూనిట్ అతి దగ్గరలో ఉన్న అడ్డంకిగా లెక్కవేసి ఆగని బీప్ ఇస్తుంది. అందుకే పైపైన గుడ్డ పెట్టి తుడిస్తే ఒక్కోసారి ప్రయోజనం ఉండదు. ఆ రింగు సందు కూడా మెత్తటి బ్రష్‌తో శుభ్రం కావాలి.

ఇంట్లోనే చేసుకోదగిన పరీక్ష ఒకటుంది. షాంపూ కలిపిన నీళ్ళతో, మెత్తటి బ్రష్‌తో నాలుగు సెన్సార్లనూ శుభ్రం చేసి, చివరిగా ఇంట్లో తాగే క్యాన్ నీళ్ళు ఒక గ్లాసెడు పోసి, పొడి మైక్రోఫైబర్ గుడ్డతో తడి లేకుండా తుడవండి. కిరోసిన్, పెట్రోల్, థిన్నర్ దగ్గరికి కూడా రానివ్వవద్దు. తర్వాత వెనుక పది అడుగులు ఖాళీ ఉన్నచోట, చదునైన నేల మీద కారు నిలిపి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజిన్ ఆపి, ఇగ్నిషన్ మాత్రం ఆన్‌లో ఉంచి రివర్స్ గేర్ వేయండి. ఆటోమేటిక్ బండి అయితే ఒకరు బ్రేకు మీద కాలు పెట్టి లోపలే కూర్చోవాలి. మీరు పక్కగా నిలబడి ఒక్కొక్క సెన్సార్ మీద వేలికొన మెల్లగా ఆనిస్తే, పనిచేస్తున్న సెన్సార్ టిక్‌టిక్‌మని సన్నగా వేలికి తెలుస్తుంది. దేనిలోనైనా చలనం లేకపోతే ఆ సెన్సార్ గానీ, దాని వైరు గానీ పాడైందని అర్థం. అన్నింటిలోనూ చలనం ఉండి కూడా బీప్ ఆగకపోతే, నంబర్ ప్లేటు ఫ్రేము వదులై ఊగుతున్నదేమో, తర్వాత బిగించిన గార్డు ఏదైనా అడ్డు వస్తున్నదేమో, బంపర్‌కు మళ్ళీ రంగు వేసినప్పుడు సెన్సార్ ముఖం మీద కూడా మందంగా రంగు పడిందేమో చూడండి. ఈ పరీక్ష మొత్తాన్ని, తుడవడం మొదలుకొని బీప్ మోగేదాకా, ఒకే వీడియోగా తీసి పెట్టుకోండి. ఇది తర్వాత చాలా పనికొస్తుంది.

ముందు రాడార్ సంగతి వేరు. అది ధ్వనితో పనిచేయదు. సాధారణంగా 77 గిగాహెర్ట్జ్ ప్రాంతపు రేడియో తరంగాలతో పనిచేస్తుంది. పలుచని పొడి దుమ్ము దానికి పెద్ద అడ్డు కాదు. తడి అడ్డు. బండల బురదనీళ్ళు చల్లుతూ పోయే లారీ వెనుక పది నిమిషాలు నడిపితే చాలు, గ్రిల్ దగ్గర ఆ తడి పొర తరంగాలను పీల్చేస్తుంది, రాడార్ తనకు కనిపించడం లేదని చెబుతుంది. దానిని తప్పుడు హెచ్చరిక అనకూడదు, ఎందుకంటే కనిపించనప్పుడు కనిపించడం లేదని చెప్పడమే దాని ధర్మం. ఇంకొక సంగతి కూడా ఉంది, దీనిని సర్వీస్ సెంటర్ వారు సాధారణంగా చెప్పరు. చెట్టూ చేమా, వాహనమూ, రెయిలింగూ లేని ఖాళీ మైదానాల మధ్య చాలాసేపు నడిపితే, తిరిగి వచ్చే సంకేతాలేవీ లేక కొన్ని రాడార్లు తామే మూసుకుపోయామని అనుకుంటాయి. కొన్ని కార్ల మాన్యువల్స్‌లో ఈ మాట స్పష్టంగానే రాసి ఉంటుంది. మన జిల్లాల్లో అటువంటి రోడ్లకు కొదవ లేదు. కాబట్టి హెచ్చరిక వచ్చినప్పుడల్లా ఎక్కడ, ఏ సమయాన, వాన ఉందా, ముందు లారీ ఉందా అన్నది ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. ఊరు రాగానే దానంతట అదే పోతుంటే సెన్సార్‌లో లోపం లేదనుకోవచ్చు. శుభ్రమైన గ్రిల్‌తో, పొడి వాతావరణంలో, రద్దీగా ఉన్న 44వ నంబర్ జాతీయ రహదారి మీద కూడా వస్తుంటే అది క్లెయిము చేయదగిన విషయమే. అయితే గ్రిల్ ముందు బుల్ బార్ (అదనపు ఇనుప గార్డు) బిగించి ఉంటే ఈ వాదన నిలబడదు. కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబర్‌లోనే అవి మోటారు వాహనాల చట్టానికి విరుద్ధమని రాష్ట్రాలకు రాసింది, కంపెనీ కూడా దానినే కారణంగా చూపుతుంది.

ముందు అద్దం వెనుక కెమెరా ఉన్న కార్లలో అద్దం లోపలి వైపు కూడా ఒకసారి చూడాలి. మన ఎండకు డ్యాష్‌బోర్డ్ ప్లాస్టిక్ నుంచి వచ్చే ఆవిర్లు అక్కడ మసక పొరగా నిలుస్తాయి. అద్దం మార్చవలసి వస్తే కెమెరా క్యాలిబ్రేషన్ (చూపును మళ్ళీ సరిచూసి అమర్చడం) కూడా చేయించాలి. బీమా క్లెయిములో ఆ ఖర్చును మొదటే రాయించండి.

ఇంజిన్ లైటు గురించి మీరు ఎక్కువ వివరం ఇవ్వలేదు. దుమ్ము దారుల్లో తిరిగే బండికి మొదట అనుమానించవలసినవి ఎయిర్ ఫిల్టర్, ఆ తర్వాత గాలిని కొలిచే మాఫ్ సెన్సార్. మాఫ్‌లో వేడెక్కిన సన్నటి తీగ లేదా పలుచని పొర ఉంటుంది. దాటిపోయే గాలి దానిని ఎంత చల్లబరుస్తున్నదో చూసి గాలి పరిమాణాన్ని లెక్కిస్తుంది. దాని మీద దుమ్ము కప్పితే గాలిని తక్కువగా చూపుతుంది, పికప్ తగ్గుతుంది, కారు కంప్యూటర్‌లో పీ0101 వంటి లోపం కోడ్ పడుతుంది. మాఫ్ కోసమే దొరికే స్ప్రేతో తప్ప మరిదేనితోనూ, వేలితో అసలే తాకకూడదు. నూనె తడిపిన స్పోర్ట్స్ ఫిల్టర్ వేసి ఉంటే దాని నూనే ఆ తీగకు అంటుకుంటుంది, అప్పుడు వారంటీ అడగడం కష్టం. మన రోడ్లకు ఫిల్టర్‌ను సర్వీస్ పుస్తకంలో దుమ్ము ప్రాంతాలకు రాసిన తక్కువ గడువు ప్రకారం మార్పించి, బిల్లు దాచండి.

ఇక్కడ నేను కళ్ళారా చూసిన ఒక బండి సంగతి చెప్పాలి. ఎర్రగుంట్ల నుంచి రోజూ రాకపోకలు సాగించే ఒక ఉద్యోగి కారుకు ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) లైటు పదే పదే వెలిగేది. ఒక సర్వీస్ సెంటర్‌లో దుమ్ము వల్ల చక్రం సెన్సార్ పోయిందని చెప్పి, డబ్బు తీసుకుని కొత్తది వేశారు. నెలకే లైటు మళ్ళీ వచ్చింది, రెండవ సెన్సార్ వేశారు, మూడవసారి ఆయన నా దగ్గరికి వచ్చారు. స్కానర్ పెట్టి నాలుగు చక్రాల వేగాన్ని పక్కపక్కన చూస్తే, ఆ ఒక్క చక్రం 15 కిలోమీటర్ల వేగం దగ్గర తడబడుతున్నది. విప్పి చూస్తే బేరింగ్ మీద ఉండే అయస్కాంతపు రింగుకు బ్రేకు డిస్కు అరుగుడు నుంచి వచ్చిన ఇనుప రజను గుత్తులుగా అంటుకుని ఉంది. శుభ్రం చేసిన తర్వాత లైటు తిరిగి రాలేదు. తీసేసిన రెండు సెన్సార్లూ బాగున్నవే. ఆ పెద్దమనిషి కట్టిన డబ్బు వెనక్కు రాలేదు, ఎందుకంటే పాత సెన్సార్లు ఆయన అడిగి తీసుకోలేదు, జాబ్ కార్డ్‌లో (ఫిర్యాదు, చేసిన పని రాసే సర్వీస్ సెంటర్ కాగితంలో) కొలతలేవీ రాయించుకోలేదు. ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. అప్పటి నుంచి నా దగ్గరికి వచ్చే ప్రతి ఒక్కరికీ కొలత రాయకుండా పార్ట్ మార్చనివ్వవద్దని చెబుతున్నాను.

ఇప్పుడు వారంటీ బల్ల అవతల ఏమి జరుగుతుందో చెబుతాను, ఎందుకంటే అది తెలిస్తే మీరు అడగవలసిన మాట మారుతుంది. సర్వీస్ సెంటర్ వేరు, కారు తయారుచేసిన కంపెనీ వేరు. వారంటీ ఇచ్చింది కంపెనీ. సర్వీస్ సెంటర్ వారు పార్ట్ మార్చి, కోడ్, కొలతలు, ఫొటోలు జతచేసి క్లెయిము పంపుతారు. పాత పార్ట్‌ను కంపెనీ తెప్పించుకుని పరిశీలించవచ్చు. అందులో లోపం కనిపించకపోతే ఆ డబ్బు సర్వీస్ సెంటర్ మీదే పడుతుంది. అందుకని అనుమానం ఉన్న కేసులో వారు క్లెయిము వేయడానికి వెనుకాడతారు, దుమ్ము అనే మాట చెప్పి కస్టమర్ చేతనే కట్టించడం సులువైపోతుంది. ఎదురుగా కూర్చున్న అడ్వైజర్‌తో గొడవ పెట్టుకుంటే ఏమీ రాదు. క్లెయిము వేయడానికి కావలసిన రుజువును అతని చేతికి మీరే అందిస్తే పని జరుగుతుంది.

కాబట్టి ఈసారి వెళ్ళేముందు కారు కడిగించి, సెన్సార్లు శుభ్రంగా ఉన్నట్లు తేదీతో ఫొటోలు తీసుకుని వెళ్ళండి. జాబ్ కార్డ్‌లో "సెన్సార్ క్లీనింగ్" అని రాయనివ్వవద్దు; "సెన్సార్లు శుభ్రంగా ఉన్నాయి, వెనుక అడ్డంకి లేదు, అయినా బీప్ ఆగకుండా మోగుతున్నది, ఇదే ఫిర్యాదు మూడవసారి" అని మీ మాటల్లోనే రాయించండి. కోడ్‌లు చెరిపేయకముందే స్కానర్ రిపోర్టు ప్రింటు గానీ ఫొటో గానీ అడగండి. వెనుక రెండు సెన్సార్ల స్థానాలు మార్చి చూడమనండి: తప్పు సెన్సార్ వెంటే కదిలితే సెన్సార్‌లోనే లోపం, అదే స్థానంలో ఉండిపోతే వైరింగ్‌లోనో కనెక్టర్‌లోనో ఉంది. ఈ మార్పిడి మీరు స్వయంగా గానీ, బయట మెకానిక్ చేత గానీ చేయించవద్దు. వారంటీ ఉన్న బండి బంపర్ విప్పినట్లు కనిపిస్తే మాట మీ మీదికి వస్తుంది. కనెక్టర్ విప్పినప్పుడు పక్కనే నిలబడండి. పిన్నుల మీద పచ్చటి తుప్పు కనిపిస్తే ఫొటో తీసుకోండి, ఎందుకంటే సీలు ఉన్న కనెక్టర్‌లోకి పద్నాలుగు నెలలకే నీరు చేరడం యజమాని నిర్లక్ష్యం కాదు. ఒక్క మినహాయింపు ఉంది: హై ప్రెజర్ గన్‌ను జానెడు దూరంలో పెట్టి సెన్సార్ మీదికి కొట్టే అలవాటు మీ వాటర్ సర్వీసింగ్ వారికి ఉంటే నీరు లోపలికి నెట్టబడుతుంది, కంపెనీ మాన్యువల్స్ దానిని వద్దనే చెబుతాయి. ఇక నుంచి చేతి దూరానికి తగ్గకుండా పట్టమనండి.

ఇంత చేసిన తర్వాత కూడా వర్తించదంటే, వారంటీ పుస్తకంలోని ఏ షరతు ప్రకారం వర్తించదో రాతపూర్వకంగా ఇవ్వమని అడగండి. పుస్తకంలో సాధారణంగా పదార్థంలో గానీ తయారీలో గానీ లోపం ఉంటే ఉచితంగా బాగుచేస్తామని ఉంటుంది. శుభ్రపరచడం, సర్దుబాట్లు, ప్రమాదం, మార్పులు, రసాయనాలు, బయటి వాతావరణం వల్ల కలిగే నష్టం మినహాయింపుల కింద ఉంటాయి. వారు బయటి వాతావరణం అన్న మాటను పట్టుకుంటారు. మీరు అడగవలసింది ఒకటే: తుడిచిన తర్వాత కూడా ఎందుకు మోగుతున్నది? రాతలో దీనికి జవాబు ఇవ్వవలసి వచ్చినప్పుడు, నా అనుభవంలో, చాలా కేసులు సర్వీస్ సెంటర్ స్థాయిలోనే తేలిపోయాయి.

తేలకపోతే కంపెనీ కస్టమర్ కేర్‌కు ఈమెయిల్ రాయండి, ఫోన్‌లో మాత్రమే మాట్లాడి వదిలేయవద్దు. ఆ తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు. చివరి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే చోటే ఫిర్యాదు వేయవచ్చు కాబట్టి కంపెనీ ఆఫీసు ఏ నగరంలో ఉన్నా మీరు అనంతపురం దాటనక్కరలేదు. కారు ధర 10 నుంచి 20 లక్షల మధ్య ఉంటే రుసుము 400 రూపాయలు. సమస్య తలెత్తిన నాటి నుంచి రెండేళ్ళలోపు వేయాలి. లోపం ఉందో లేదో పరీక్ష లేకుండా తేలదని కమిషన్ భావిస్తే వస్తువును ప్రయోగశాలకు పంపే అధికారం కూడా దానికి ఉంది. అయితే ఏమి కోరాలన్న దగ్గర తెలివిగా ఉండండి. ఒక మారుతి కారు కేసులో సుప్రీంకోర్టు 2006లో, వారంటీ షరతు లోపమున్న భాగాన్ని బాగుచేయడం లేదా మార్చడం వరకే కాబట్టి మొత్తం కారు మార్చి ఇవ్వమనడం సరికాదని తీర్పు ఇచ్చింది. సెన్సార్ కోసం కొత్త కారు అడిగితే మీ ఫిర్యాదే బలహీనపడుతుంది. సెన్సార్, వైరింగ్ ఉచితంగా మార్చడం, శుభ్రపరచినందుకు తీసుకున్న డబ్బు, తిరిగిన ఖర్చు అడగండి.

బయట మెకానిక్ దగ్గర ఎప్పుడో ఆయిల్ మార్పించాను, దానితో వారంటీ మొత్తం పోయిందా అని కూడా మీరు చివరలో అడిగారు. మార్కెట్‌లో పోటీ సక్రమంగా సాగేలా చూసే కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో పద్నాలుగు కార్ల కంపెనీలపై ఇచ్చిన ఆదేశంలో, బయట పని చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు చేసే షరతు పెట్టకూడదని, ఆ బయటి పని వల్ల జరిగిన నష్టం మేరకే నిరాకరించవచ్చని చెప్పింది. ఆ ఆదేశం అప్పీళ్ళకు వెళ్ళింది కాబట్టి దానిని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు గానీ, ఆయిల్ మార్పుకూ వెనుక బంపర్ సెన్సార్‌కూ ఉన్న సంబంధం ఏమిటో చూపమని అడగడం మీ హక్కు. అంతకంటే ప్రమాదం బయట బిగించే వస్తువులతో ఉంది. రివర్స్ కెమెరా కోసమో, అదనపు హారన్ కోసమో వెనుక లైటు వైరును కోసి కలిపి ఉంటే, ఆ హార్నెస్ (వైర్ల కట్ట) మీద వచ్చే ఏ క్లెయిమైనా అక్కడే ఆగిపోతుంది. అటువంటిది మీ కారులో ఉంటే దాచవద్దు. విప్పగానే వారికి కనిపిస్తుంది, అప్పుడు మీరు చెప్పిన మిగతా నిజాలను కూడా నమ్మరు.

మీరు సెన్సార్ పరీక్ష చేసి, ఏ స్థానంలోనిది టిక్‌మనడం లేదో, స్కానర్‌లో ఏ కోడ్ వచ్చిందో రాయండి. కోడ్ చూస్తే అది సెన్సార్‌దా, వైరుదా, కంట్రోల్ యూనిట్‌దా అన్నది చెప్పగలను. అంతవరకు కొత్త సెన్సార్‌కు డబ్బు కట్టవద్దు.